దయ్యాల మేడలో మూడో తలుపు

3వ తేదీ, మంగళవారం

మధ్యాహ్నం చేరాం. గది బాగుంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. కిటికీ రెక్క కాస్త దిగి గొళ్లెం పడటం లేదు. సరిచేశాను.

ఈ నోటుపుస్తకం ఆసుపత్రి వాళ్లు రాయమన్నది. ముందు పేజీల్లో మా ఆవిడ ఆయాసం రాస్తున్నాను. ఎన్ని మెట్లకి ఆగింది, ఎంతసేపు కూర్చుంది, పడుకోడానికి ఎన్ని దిండ్లు కావాల్సి వచ్చాయి. ఇది మాత్రం పుస్తకం తిరగేసి వెనక నుంచి. ఇది డాక్టరుకి కాదు.

అమ్మాయీ అల్లుడూ సెలవు పెట్టి మమ్మల్ని తీసుకొచ్చారు. గాలి మార్పు అన్నారు. గాలి కోసం కాదని నాకు తెలుసు, మా ఆవిడకీ తెలుసు. ఆమె గుండెలో వాల్వు మార్చాలి. పదహారో తేదీ సోమవారం ఇచ్చారు. ఈ శనివారం మధ్యాహ్నంలోపు సరే అని చెప్పకపోతే ఆ రోజు వేరేవాళ్లకి పోతుంది, మళ్లీ రెండు నెలల దాకా లేదు. రెండు నెలలు ఆగే గుండె కాదండీ అన్నాడు డాక్టరు, నన్ను పక్కకి పిలిచి.

ఆమె ఒప్పుకోవడం లేదు.

"ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టాను. కొలత తప్పితే విప్పి మళ్లీ కుట్టేదాన్ని. నన్ను కోశాక తప్పయిందంటే ఎవడు విప్పుతాడు?" అంటుంది.

సాయంత్రం అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. "నాన్నా, నువ్వొక్కసారి చెప్పు. మేం చెప్పి చెప్పి అలిసిపోయాం. నువ్వు చెబితే వింటుంది."

చూద్దాం అన్నాను. నా మాట అంటూ ఒకటి ఉంటే కదా వినడానికి. మా ఇంట్లో మాటల పని ఆమెది, మేకుల పని నాది.

రేపు చెబుతాను.

4వ తేదీ, బుధవారం

చెప్పలేదు. గాలి ఎక్కువగా ఉంది, సముద్రం ఒడ్డున మాట వినపడదు.

కానీ ఒక మంచి పని చూశాను. అది రాయాలి.

ఒడ్డు వెంట నడుస్తుంటే ఐస్‌క్రీం కొట్టు పక్కన నల్లరంగు వేసిన పాత మేడ ఉంది. దయ్యాల మేడ అని బోర్డు. టికెట్టు కొనుక్కుని ఒక గుమ్మంలోంచి వెళ్లి, ఏడు గదులు చీకట్లో నడిచి, ఇంకో గుమ్మంలోంచి రావాలి. లోపల్నుంచి కేకలు వినిపిస్తున్నాయి. కేకలు పెట్టినవాళ్లే బయటికొచ్చి నవ్వుకుంటున్నారు.

మా ఆవిడ వెళ్దామని ఎగిరి గంతేసినంత పని చేసింది. టికెట్ల కిటికీ దగ్గర ఇంకో బోర్డు ఉంది. గుండె జబ్బు ఉన్నవారికి ప్రవేశం లేదు అని. ఆమె దాన్ని పైకి చదివింది.

"చూశారా అల్లుడుగారూ, నన్ను దయ్యాలు కూడా వద్దంటున్నాయి" అని నవ్వింది. తర్వాత బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం నాకు అలవాటు లేదు. అమ్మాయి ఆమె దగ్గర ఉండిపోయింది. "మీరిద్దరూ వెళ్లండి, వచ్చి నాకు చెప్పండి. అల్లుడుగారూ, మీరు చెప్పండి, ఈయన చెప్పరు" అంది మా ఆవిడ.

అల్లుడు మొదటి గదిలో నా ముందు నడిచాడు. రెండో గదిలో నా వెనక నడిచాడు. మూడో గదిలో ఎక్కడున్నాడో తెలియదు. "మావయ్యా, ఇదంతా ఉత్తిదే" అని మాత్రం దూరం నుంచి వినిపిస్తూ ఉంది.

ఉత్తిదే. కానీ ఎంత పనితనం. నడవా నేల ఒక పక్కకి వంచారు, మహా అయితే ఒక వేలు వంపు. కంటికి తెలియదు, కాలికి తెలుస్తుంది, కడుపులో తిప్పుతుంది. గోడల మూలలు కావాలనే మట్టం తప్పించారు. పైనుంచి తడి నూలుపోగులు వేలాడదీశారు, మొహానికి తగిలి జలదరిస్తుంది. మంచం మీద దుప్పటి ఊపిరి తీస్తోంది. మంచం కింద గాలి తిత్తి పెట్టి ఉంటారు. ఆ దుప్పటి పైకీ కిందికీ పోవడం చూస్తూ కాసేపు నిలబడ్డాను. సాఫీగా పోతోంది, ఎక్కడా ఆగడం లేదు.

ఇదంతా చెక్కపనే. అతుకులు కనపడకుండా మైనం నింపి మసి పూశారు. చేసినవాడెవడో కానీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి.

మూడో గదిలో ఎడమవైపు తలుపు దానంతటదే తెరుచుకుంది. కిర్రుమని కాదు, ఆ చప్పుడుకి మాట లేదు. పళ్లు పులిశాయి. అటు చూస్తుండగా కుడివైపు బీరువాలోంచి జుట్టు విరబోసుకుని తెల్లచీరలో ఒక ఆడమనిషి లేచి నా మీదికి వచ్చింది. ఆమె దారికి అడ్డంగా ఉన్నానేమోనని పక్కకి జరిగాను. ఆమె ఒక నిమిషం ఆగి, మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయింది.

పాపం రోజంతా ఆ చప్పుడు పక్కన ఎలా నిలబడుతోందో అనిపించింది. తలుపు పై బందు, అంటే కీలు, దిగింది, దాని చువ్వ ఎండిపోయింది. జేబులో కొవ్వొత్తి ముక్క ఎప్పుడూ ఉంటుంది. చొక్కా ఉతికినప్పుడల్లా మా ఆవిడ తిట్టేది దానికే. తాళాల గుత్తికున్న చిన్న స్క్రూడ్రైవరుతో స్క్రూలు బిగించి, చువ్వ సగం పైకి లాగి మైనం రాసి దింపాను. రెండు నిమిషాల పని. రెక్క వెన్నలా తిరిగింది.

బయటికొచ్చాక అల్లుడు జుట్టు దువ్వుకుంటున్నాడు. ఎలా ఉందని ఆమె నన్నడిగింది.

"మంచి చెక్క" అన్నాను.

"ఇదిగో, ఇదీ వరస" అంది అమ్మాయితో.

5వ తేదీ, గురువారం

తల కొట్టేసినట్టయింది ఇవాళ.

పొద్దున నడకకి వెళ్తుంటే మేడ ముందు స్టూలు వేసుకుని ఒకామె కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. మొహం సగం తెలుపు, సగం మామూలు. నన్ను చూసి లేచింది.

"బాబాయిగారూ, నిన్న మూడో గదిలో నాకు దారిచ్చింది మీరే కదా?"

అవునన్నాను.

"తలుపుకి ఏం చేశారు?"

"అరుస్తోందని..."

"అరవాలి బాబాయిగారూ. అరవడానికే అది ఉంది."

మా ఆవిడ నా మొహం చూసింది, ఆ సగం తెల్ల మొహం చూసింది, నడుము పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "దయ్యాల కొంపకి మరమ్మతు చేశావా ఏమయ్యా. ఇంక సున్నం కూడా కొట్టించలేకపోయావా" అని. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి కూలబడింది. ఆరు నిమిషాలు. ముందు పేజీలో రాయాలా వద్దా అని ఆలోచించాను. నవ్వితే వచ్చిన ఆయాసం లెక్కలోకి వస్తుందో రాదో. చివరికి రాశాను.

ఆ దయ్యం పిల్ల (మా ఆవిడ పెట్టిన పేరు, అప్పుడే పిలిచేసింది కూడా) నీళ్లు తెచ్చి ఇచ్చింది. మేడ వాళ్ల నాన్న కట్టాడట. ఆయన పోయాక తనే నడుపుతోంది. ఆ చప్పుడు ఎవరూ చేసింది కాదట, పదకొండేళ్లు ఉప్పుగాలి తిని దానంతటది వచ్చింది. నిన్న సాయంత్రం నుంచి మూడో గదిలోంచి జనం వంటింట్లోకి వెళ్లినట్టు వెళ్లిపోతున్నారట.

"భయం తలుపులో లేదు బాబాయిగారూ, తల తిరగడంలో ఉంది. ఎడమ పక్క అరుస్తుంది, అందరూ అటు తిరుగుతారు. అప్పుడు నేను కుడి పక్క నుంచి వస్తాను. ఇప్పుడు ఎవరూ తిరగరు, నేను బీరువా తెరుస్తుండగానే చూసేస్తున్నారు. నిన్న ఒకాయన నాకు నమస్కారం పెట్టాడు."

ఎంత ఆలోచన. ఆ మాట చాలాసేపు నా మనసులో తిరిగింది. నలభై ఏళ్లు తలుపులు చేశాను, తలుపు చప్పుడు మనిషి మెడని ఎటు తిప్పుతుందో ఒక్కరోజూ ఆలోచించలేదు.

శనివారం జనం విరగబడతారట. ఆలోపు దాని గొంతు దానికి తెచ్చిపెడతానని మాటిచ్చాను. నేను మాటివ్వడం చూసి మా ఆవిడ నవ్వు ఆపింది.

ఆపరేషను సంగతి ఇవాళ అడుగుదామనుకున్నాను. తలుపు గొడవలో కుదరలేదు.

6వ తేదీ, శుక్రవారం

అరవకుండా చేయడం నాకు పుట్టుకతో వచ్చు. అరిచేలా చేయడం ఎవరూ నేర్పలేదు.

పొద్దున్నే వెళ్లాను. చువ్వ తీసి కిరసనాయిలుతో మైనం అంతా కడిగాను. నిన్న మధ్యాహ్నం ఇంకో చువ్వని ఉప్పునీళ్లలో వేసి ఎండలో పెట్టాను, బాగానే తుప్పు పట్టింది. అది వేశాను. చిన్న చప్పుడు వచ్చింది.

"ఎలుక" అంది దయ్యం పిల్ల.

చువ్వని సుత్తితో గోరంత వంచాను.

"బాతు."

మధ్య బందు స్క్రూలు అర చుట్టు వదులు చేశాను. ఈసారి ఇంకేదో వచ్చింది. బయట బెంచీ మీద నుంచి మా ఆవిడ గొంతు వచ్చింది. "అల్లుడుగారి గురక" అని. అల్లుడు అక్కడే ఉన్నాడు. "అత్తయ్యా, నేను గురక పెట్టను" అన్నాడు. అమ్మాయి దగ్గింది.

చెవి ఆమెదే చెవి. కుట్టు మిషను చప్పుడు బట్టి సూది ఎప్పుడు విరుగుతుందో చెప్పేది. గోడ అవతల కూర్చుని ఒక్కొక్కటీ తేల్చి చెప్పింది. ఇది నువ్వు తుమ్మినట్టుంది. ఇది కుర్చీ. ఇది ఏడుపు కాదు, అలక. దయ్యం పిల్ల లోపలికీ బయటికీ తిరుగుతూ, "పిన్నిగారిని ఉద్యోగంలో పెట్టుకుంటాను" అంది.

"రమ్మంటే ఇప్పుడే వస్తా. మీ బోర్డు ఒప్పుకోదుగా" అంది మా ఆవిడ.

దయ్యం పిల్ల ఆ బోర్డు వంక చూసి, మా ఆవిడ వంక చూసింది. అప్పటిదాకా ఆమెకి తెలియదు. "రేపు పొద్దున తెరవకముందు రండి పిన్నిగారూ. ఎవరూ దూకరు. అన్ని లైట్లూ వేసి ఉంచుతాను. మెల్లగా నడిపించి అంతా చూపిస్తాను. నేను కూడా మనిషిలాగే ఉంటాను."

మా ఆవిడ మొహం చూశాను. కొత్త బట్టలు కొనిస్తామంటే చిన్నపిల్లకి వచ్చే మొహం.

ఆ చప్పుడు ఎందుకు రావడం లేదో సాయంత్రం తెలిసింది. బందుల్లో కాదు, బరువులో ఉంది. దిగిపోయిన రెక్క తన బరువంతా చువ్వ మీద వేసేది. నేను స్క్రూలు బిగించి దాని బరువు తీసేశాను. మోయడానికి ఏమీ లేకపోతే ఎందుకు అరుస్తుంది. రేపు రెక్క చివర ఇసక సంచి కట్టి చూడాలి.

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. రేపు పన్నెండు దాకా ఆగుతారట. అమ్మాయి నా వంక చూసింది. నేను ఇసక ఎక్కడ దొరుకుతుందని అడిగాను. సముద్రం ఒడ్డున నిలబడి ఇసక ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

నాకేం కంగారు లేదు. చెప్పాల్సిన టైములో చెబుతాను.

7వ తేదీ, శనివారం

పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం వెళ్లాం. అమ్మాయీ అల్లుడూ బయట బెంచీ మీద.

లైట్లు వేసి ఉన్నాయి. మా ఆవిడ నా చెయ్యి ఆసరా పట్టుకుని నడిచింది. ప్రతి గదిలో కుర్చీ వేసి ఉంచింది ఆ పిల్ల. నడవాలో "ఏమయ్యా, నేల వంకరగా ఉందేం" అంది. కంటికి తెలియదు, ఆమె కాలికి వెంటనే తెలిసిపోయింది. నూలుపోగులు చేత్తో పట్టుకుని చూసి "ఇరవై నంబరు దారం" అంది. దుప్పటి ఊపిరి తీసే మంచం దగ్గర మాత్రం నవ్వలేదు. దానితో పాటు తనూ ఊపిరి తీసి చూసింది. అందుకోలేకపోయింది. నేను వేరే వైపు చూశాను.

మూడో గదిలో ఇసక సంచి కట్టి, మరీ కనపడకుండా నల్లగుడ్డ చుట్టాను. "లైట్లు తీసి వినాలి బాబాయిగారూ. వెలుతురులో చెవి సోమరిది" అంది దయ్యం పిల్ల. మా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు ఇప్పుడు అరుస్తుందని ముందే చెప్పి, లైటు తీసింది.

చీకటి. కొంచెంసేపటికి తలుపు కదిలింది.

వచ్చింది. అచ్చం అదే. పళ్లు పులిసే చప్పుడు, చివర్లో కాస్త సాగి తెగింది. పనిలో ఉన్న నలభై ఏళ్లలో అంత సంతోషం రెండుమూడుసార్లు వచ్చి ఉంటుంది.

"ఇదీ" అంది ఆమె. "ఇది ఏడుపు." తర్వాత, "నీకు భయమేసిందా?" అంది నవ్వుతూ.

"ఆఁ" అన్నాను.

"నువ్వు చేసిన తలుపుకి నువ్వే భయపడ్డావా?"

"తలుపుకి కాదు."

చీకట్లో ఆమె ఊపిరి వినపడుతోంది. రోజూ వింటున్నదే, లెక్కపెడుతున్నదే. మొహం కనపడకపోతే లెక్కపెట్టలేకపోయాను.

"ఒప్పుకో" అన్నాను.

అంతకంటే పెద్దగా చెప్పాలని దారంతా అనుకున్నాను. ఆ ఒక్కటే వచ్చింది.

"ఒప్పుకుంటే అక్కడే పోతానేమో" అంది.

"ఒప్పుకోకపోతే..." అని ఆగిపోయాను.

తనే మాట్లాడింది. మెల్లగా, తెగిపోతూ. "అందరూ అడిగారు. పాలు పోసే ఆవిడ కూడా అడిగింది. నువ్వు అడగలేదు. పుస్తకం ముందేసుకుని నా ఆయాసం రాసుకుంటున్నావు. ఈయన నాకు వీడ్కోలు లెక్క రాస్తున్నాడు, సరే కానీ, ఉండమని అడిగేవాడు లేనప్పుడు ఆ కోతలెందుకు అనుకున్నాను."

గోడ పట్టుకున్నాను. మట్టం తప్పిన గోడ.

"నువ్వు లేకపోతే ఇంట్లో మాట వినపడదు" అన్నాను.

"నువ్వు వింటావా అసలు?"

"నలభై ఆరేళ్లుగా ఇంకేం చేశాను. నువ్వు చెబుతావు, నేను వింటాను. అది పోతే నాకు వేరే పని రాదు." ఇంకా ఏదో అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను.

కుడివైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

తలుపు తాడు బీరువాలో ఉంటుంది. తాడు లాగాలంటే ఆ పిల్ల బీరువాలోనే నిలబడాలి. ఆ తాడు ముడి నిన్న నేనే మార్చాను. అంతా తెలిసి మరిచిపోయాను. ఆ క్షణంలో నేల వంపు వెంట జారిపోతే బాగుండుననిపించింది.

"పిన్నిగారూ, క్షమించండి. మధ్యలో బయటికి రాలేకపోయాను" అంది బీరువా.

"ఇంక రా అమ్మా" అంది మా ఆవిడ. "దయ్యానివి, నువ్వే ఏడిస్తే జనం ఎవర్ని చూసి భయపడాలి."

లైటు వేశాక ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మిగిలిన నాలుగు గదులు కూడా చూసి తీరాలంది. చూసింది. ఆఖరి గుమ్మంలోంచి ఎండలోకి వచ్చేసరికి పదిన్నర. బెంచీ దగ్గర ఆగి ఊపిరి సర్దుకుని, అమ్మాయితో "ఆసుపత్రికి ఫోను చెయ్యి" అంది.

"ఏమని?"

"ఏమని ఏమిటే. వస్తున్నానని."

అమ్మాయి నన్ను పట్టుకుంది. "ఏం చెప్పావు నాన్నా?" అని. తలుపు సంగతి అన్నాను.

మధ్యాహ్నం అటు వెళ్తే మేడ ముందు వరస ఐస్‌క్రీం కొట్టు దాటింది. తలుపు అరిచింది, వెంటనే జనం అరిచారు. మధ్యలో ఒక రెప్పపాటు. ఆ రెప్పపాటులో మెడలు ఎడమవైపు తిరిగి ఉంటాయి. బెంచీ మీద కూర్చుని ఇద్దరం పదకొండు కేకలు విన్నాం.

8వ తేదీ, ఆదివారం

తిరుగు ప్రయాణం. దారంతా మా ఆవిడ అల్లుడికి దయ్యాల మేడ గురించి చెప్పింది, అతను చూడనట్టు. మూడో గది తర్వాతది అతను నిజంగానే చూసినట్టు లేదు.

15వ తేదీ, ఆదివారం

ఆసుపత్రిలో చేర్చాం. ఆరు మెట్లు, రెండుసార్లు ఆగింది. ఇదే ఆఖరి లెక్క అని నర్సు అంది. ఏ అర్థంతో అందో అడగలేదు.

16వ తేదీ, సోమవారం

పొద్దున ఏడున్నరకి తీసుకెళ్లారు. ఇప్పుడు రెండు.

నాలుగుంపావు. అయింది అన్నారు. కొత్త వాల్వు పనిచేస్తోందన్నారు. చూడనివ్వలేదు.

18వ తేదీ, బుధవారం

గొంతులో గొట్టం నిన్న తీశారు. రెండు రోజులు మాట్లాడించొద్దన్నారు. "మీరు మాట్లాడండి, ఆవిడ వింటారు" అంది నర్సు, అదేదో తేలిక పని అన్నట్టు.

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు. ఇక్కడి మంచానికి చక్రాలున్నాయని చెప్పాను. ఆమె కళ్లతో సరే అంది. అల్లుడు బయట కుర్చీలో నిద్రపోతున్నాడని, గురక మన ఎలుకకీ బాతుకీ మధ్య ఉందని చెప్పాను. ఆమె పెదాలు కదిలాయి. నవ్వితే కుట్లు లాగుతాయని చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు మొదలుపెట్టాను. సోమవారం పొద్దున ఏడున్నర నుంచి నాలుగుంపావు దాకా ఏమయిందో. ఆ నడవా ఎంత పొడుగు, ఎన్నిసార్లు నడిచాను, అమ్మాయి ఎక్కడ ఏడ్చింది, నేను ఎక్కడ. తర్వాత దానికి ముందువి. డాక్టరు నన్ను పక్కకి పిలిచిన రోజు. దానికి ముందువి. పెళ్లయిన కొత్తలో ఆమె చేత మొదటిసారి చొక్కా కుట్టించుకుని, చేతులు పొడుగయినా చెప్పకుండా మడిచి తొడుక్కున్న సంగతి. అది ఆమెకి తెలియదు.

ఎక్కడ ఆగినా రెండు వేళ్లు ఎత్తి తిప్పింది, తర్వాత అన్నట్టు.

నర్సు వచ్చి పొద్దుపోయింది వెళ్లండి అనేదాకా మాట్లాడాను. నా గొంతు బొంగురుపోయింది.

ఇవాళ రాయడానికి ఏమీ లేదు. అంతా చెప్పేశాను.